గాజుపలక మీద సముద్రం

రేడియోవారికి బొమ్మల చిత్రాలతో ఏమి పని అని మీలో కొందరు అనుకోవచ్చును. మా వృత్తి గొంతుతో ముడిపడినది, తెరతో కాదు. అయినప్పటికీ ఈ ప్రసంగానికి మేము ఒక బొమ్మల చిత్రాన్నే ఎన్నుకొన్నాము. దాని నిడివి ఇరవై నిమిషాలు. పేరు ‘ది ఓల్డ్ మాన్ అండ్ ది సీ’, అనగా ముసలివాడూ సముద్రమూ. కథ అమెరికా రచయిత ఎర్నెస్ట్ హెమింగ్వేది. కథ నడిచేది క్యూబా తీరాన. బొమ్మలు వేసినవారు రష్యా దేశీయుడు అలెక్సాండర్ పెట్రోవ్. వేసినది కెనడాలోని మాంట్రియల్ నగరంలో. నిర్మాణంలో జపాను సంస్థలు పాలుపంచుకొన్నవి. ఇన్ని దేశాల చేతులు పడిన ఈ చిన్న చిత్రం 1999లో వెలువడి, మరుసటి యేడు మార్చి నెలలో ఆస్కార్ బహుమానం అందుకొన్నది.

బహుమానం సంగతి మాత్రమే అయితే ఒక వాక్యంతో సరిపుచ్చేవారము. మమ్మల్ని పట్టి నిలిపినది ఆ చిత్రం తయారైన పద్ధతి. గాజుపలక మీద, ఆలస్యంగా ఆరే నూనెరంగులతో బొమ్మ వేస్తారు. పైనుంచి కెమెరా దానిని ఒక్కసారి ఫోటో తీస్తుంది. అప్పటికి రంగు ఇంకా పచ్చిగానే ఉంటుంది. చిత్రకారుడు ఆ పచ్చిరంగును వేలితో కొంత తుడిచి, కొంత జరిపి, అలను వెంట్రుకవాసి ముందుకు తోస్తాడు. మళ్ళీ ఫోటో. మళ్ళీ తుడుపు. రెండవ బొమ్మ పుట్టేసరికి మొదటి బొమ్మ ఈ లోకంలో లేదు. ఒక దృశ్యం ముగిసేసరికి పలక మీద మిగిలేది ఆఖరి బొమ్మ ఒక్కటే. తక్కినవన్నీ ఫిల్ములో నీడలు.

ధనుర్మాసంలో మన ఇళ్ళ వాకిట వేసే ముగ్గులను తలచుకొనండి. నిన్నటి ముగ్గు మీదనే నీళ్ళు చల్లి, చిమ్మి, నేటి ముగ్గు వేస్తారు. నిన్నటిది పోయినదే అని ఎవరూ విచారించరు. మైక్రోఫోను ముందు కూర్చొనే మాకు కూడ ఇది పరాయి సంగతి కాదు. రెండవ మాట పలికేసరికి మొదటి మాట గాలిలో కలిసిపోయి ఉంటుంది. ఈ చిత్రం మీద మాకు కలిగిన మమకారానికి ఇది ఒక కారణమని దాచకుండా ఒప్పుకొంటున్నాము.

మామూలు బొమ్మల చిత్రాలు ఇట్లు తయారు కావు. పారదర్శకమైన సెల్యులాయిడ్ రేకుల మీద పాత్రలను విడివిడిగా గీసి, రంగులు నింపి, వెనుక ప్రకృతిదృశ్యం ఉంచి ఫోటోలు తీసే పద్ధతి చాలా దశాబ్దాలు నడిచినది. ఆ రేకులు మిగులుతవి. నలభయ్యవ రేకులో తప్పు దొరలితే దానిని తీసివేసి మరొకటి గీయవచ్చును. పని పదిమందికి పంచవచ్చును. గాజుపలక మీద ఆ వెసులుబాటు లేదు. నలభయ్యవ బొమ్మలో చేయి తప్పితే ముప్పయితొమ్మిదవ బొమ్మకు వెనుకకు పోవుటకు వీలు లేదు, అది ఉంటే కదా! తప్పునే ఎట్లో దిద్దుకొని ముందుకు సాగవలె, లేదా ఆ దృశ్యాన్ని మొదటినుంచి వేయవలె. ఈ విధంగా పనిచేయగలవారు ప్రపంచంలో కొద్దిమందే అయినారంటే ఆశ్చర్యపడవలసినది లేదు.

ఇక లెక్క చూడండి. ఫిల్ము సెకనుకు ఇరవైనాలుగు బొమ్మల చొప్పున నడుస్తుంది. ఇరవై నిమిషాలకు అది 28,800 బొమ్మలు. పెట్రోవ్ చిత్రానికి పట్టినవి 29,000కు పైగా అని చెబుతారు. పని 1997 మార్చిలో మొదలై 1999 ఏప్రిల్‌లో ముగిసినది. సెలవు అన్నదే లేకుండా గుణించి చూసినా రోజుకు సుమారు 38 బొమ్మలు. అనగా ఒక దినమంతా పడిన శ్రమ తెరమీద రెండు సెకనులైనా నిలువదు. ఆయన కుమారుడు ద్మిత్రి ఈ పనిలో తండ్రికి తోడుగా నిలిచినాడు. కథలో ముసలివానికి ఒక కుర్రవాడు తోడున్నట్లే అనిపించి మాకు ముచ్చట వేసినది.

ఈ పద్ధతికి పెట్రోవ్ ఆద్యుడు కాడు. తుడిచిపోయే బొమ్మల చరిత్ర అంతకు చాలా ముందే మొదలైనది. రష్యాలో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడిన అలెగ్జాండర్ అలెక్సేయెఫ్, తన సహచరి క్లేర్ పార్కర్‌తో కలసి ఒక పలకకు వేలకొలది సూదులను గుచ్చి, వాటిని లోపలికీ పైకీ నెట్టి, పక్కనుంచి వెలుగు వేసి, నీడలతో బొమ్మలు సృష్టించినారు. వారి తొలి చిత్రం 1933 నాటిది. గొగోల్ వ్రాసిన ‘ముక్కు’ అనే విచిత్రమైన కథను అదే పద్ధతిలో వారు 1963లో చిత్రంగా తీసినారు. జర్మనీనుంచి అమెరికాకు వలసవచ్చిన ఆస్కార్ ఫిషింగర్ 1947లో బాఖ్ సంగీతానికి అనుగుణంగా, పారదర్శకమైన పలకల మీద నూనెరంగు గీతలను ఒక్కొక్కటిగా చేర్చుతూ పదకొండు నిమిషాల చిత్రం చేసినారు. అందులో కథ లేదు; రంగు, తాళం మాత్రమే ఉన్నవి.

కథను ఈ పచ్చిరంగులోకి తెచ్చినవారిలో ముఖ్యులు కరోలిన్ లీఫ్. ఆమె మొదట వెలుగుపెట్టె మీద ఇసుక పరచి, వేళ్ళతో తోస్తూ బొమ్మలు వేసినారు. తరువాత కెనడా జాతీయ చలనచిత్ర సంస్థలో చేరి, మొర్డెకాయ్ రిచ్లర్ వ్రాసిన కథ ఆధారంగా 1976లో ‘ది స్ట్రీట్’ అనే పది నిమిషాల చిత్రం తీసినారు. ఇంట్లో అవ్వ మంచాన పడి ఉన్నది. ఆమె పోతే ఆ గది తనకు వస్తుందని మనుమడు ఎదురుచూస్తున్నాడు. ఇంతే కథ. క్రూరంగా వినిపించే ఈ విషయాన్ని ఆమె ఎంత మెత్తగా చెప్పినారంటే, అవ్వ ముఖం కరిగి తలుపుగాను, తలుపు కరిగి వీధిగాను మారుతూ ఉంటే, చిన్నవాని మనస్సు కళ్ళ ఎదుట కదలినట్లుంటుంది. మరుసటి యేడు కాఫ్కా కథను ఆమె ఇసుకతో చేసినారు. మాటల్లో వ్రాసిన సాహిత్యానికీ తడిరంగుకూ పొత్తు కుదురుతుందని ఋజువు చేసిన ఘనత, మా అభిప్రాయంలో, ఎక్కువగా ఈమెదే.

పెట్రోవ్ 1957లో రష్యాలోని యారోస్లావ్ల్ ప్రాంతంలో, ప్రెచిస్తొయె అనే ఊరిలో పుట్టినారు. మాస్కోలోని చలనచిత్ర విద్యాలయంలో కళ అభ్యసించినారు. తరువాత ఆయనకు గురువుగా దొరికినవారు యూరీ నార్‌స్టైన్. బొమ్మల చిత్రాలను ప్రేమించేవారు ఈ పేరును గౌరవంతో తలుస్తారు. నార్‌స్టైన్ గొగోల్ వ్రాసిన మరొక కథ ‘ఓవర్‌కోటు’ను 1981లో చిత్రించ మొదలుపెట్టినారు. నాలుగు దశాబ్దాలు దాటినా అది పూర్తి కాలేదు. గొప్ప కథను బొమ్మలలోకి తెచ్చుట ఎంతటి ప్రమాదమో చెప్పుటకు ఇంతకన్నా సాక్ష్యం ఎందుకు?

శిష్యుడు ఆ ప్రమాదాన్ని చూస్తూనే అదే దారి పట్టినాడు. 1989లో ఆంద్రేయ్ ప్లతోనవ్ కథ ‘ఆవు’ను గాజుపలక మీద చిత్రించినారు. దూడను పోగొట్టుకొన్న ఆవు వేదన అది. ఆ చిత్రం ఆస్కార్ పోటీదాకా వెళ్ళినది. 1992లో దొస్తోయెవ్‌స్కీ కథ ‘ఒక హాస్యాస్పదుని కల’ను చేసినారు. ఈలోగా 1991లో సోవియట్ యూనియన్ రద్దయినది. బొమ్మల చిత్రాలకు ప్రభుత్వం ఇచ్చే ఆధారం సన్నగిల్లినది. ఏళ్ళ తరబడి వేళ్ళతో రంగు పూసే కళకు ఎవరు డబ్బు పెడతారు? పెట్రోవ్ మాంట్రియల్ చేరుటకు వెనుక ఈ పరిస్థితి ఉన్నది.

ఆయన చేతికి వచ్చిన కథకు కూడ ఒక చరిత్ర ఉన్నది. హెమింగ్వే 1936లో ఒక అమెరికా పత్రికలో సముద్రపు వేటను గురించి వ్యాసం వ్రాస్తూ, క్యూబా జాలరి ఒకని సంగతి కొద్ది వాక్యాలలో చెప్పినారు. ఒంటరిగా పడవలో పోయిన ఆ ముసలివానికి పెద్ద చేప చిక్కినది. అది అతనిని దూరంగా సముద్రంలోకి లాగుకొనిపోయినది. అతడు దానిని చంపి పడవ పక్కన కట్టుకొంటే సొరచేపలు వచ్చి తినివేసినవి. తోటి జాలరులు చూసేసరికి సగం కూడ మిగలలేదు, అతడు పడవలో ఏడుస్తూ ఉన్నాడు. ఆ సంగతి రచయిత మనస్సులో పదహారేళ్ళు నానినది. 1952 సెప్టెంబరు 1వ తేదీ ‘లైఫ్’ పత్రిక కథను సంపూర్ణంగా ఒకే సంచికలో ప్రచురించినది. యాభై లక్షలకు పైగా ప్రతులు రెండు రోజులలో అమ్ముడైనవి. 1953లో పులిట్జర్ బహుమానం, 1954లో నోబెల్ బహుమానం వచ్చినవి.

మీలో చాలామంది ఈ కథ చదివే ఉంటారు. చదువనివారికి రెండు మాటలు. శాంటియాగో అనే ముసలి జాలరికి ఎనభైనాలుగు దినాలుగా ఒక్క చేప చిక్కలేదు. ఎనభైఅయిదవ నాడు దూరంగా పోతాడు. పద్ధెనిమిది అడుగుల మార్లిన్ గాలానికి తగులుతుంది. మన విశాఖ తీరపు జాలరులు కొమ్ము కోనం అని పిలిచే చేపల వంటిది అది. ముక్కు ఈటెవలె పొడుగ్గా ఉంటుంది. రెండు రాత్రులు అది పడవను లాగుకొనిపోతుంది. చివరకు దానిని గెలుస్తాడు. తిరుగుదారిలో సొరచేపలు వస్తవి. ఈటె పోతుంది, కత్తి విరుగుతుంది, దుడ్డుకర్ర పోతుంది. ఒడ్డుకు చేరేది వెన్నుముల్లు మాత్రమే. 1936 వ్యాసంలో ముసలివాడు ఏడ్చినాడు. కథలో అతడు ఏడువడు. అతని చేతుల గాయాలు చూసి కుర్రవాడు మనోలిన్ ఏడుస్తాడు. పదహారేళ్ళలో జరిగిన మార్పు ఇది ఒక్కటే అయినా, కథ పుట్టినది ఇక్కడనే అని మాకు తోస్తుంది.

హాలీవుడ్‌వారు దీనిని 1958లోనే చిత్రంగా తీసినారు. స్పెన్సర్ ట్రేసీ ముసలివాడుగా నటించినారు. ఆ చిత్రానికి నిజమైన మహామత్స్యం కావలసివచ్చినది. 1956లో హెమింగ్వే స్వయంగా పెరూ దేశంలోని కాబో బ్లాంకో అనే చోటికి వెళ్ళి వారాల తరబడి వేట సాగించినారు. చేపలు పడినవి కాని కథలోని చేప పడలేదు. చివరకు స్టూడియోలోని నీటితొట్టితోను, రబ్బరు చేపతోను చాలా వరకు సరిపెట్టుకొన్నారు. ట్రేసీ నటన గొప్పదే, సంగీతానికి ఆస్కార్ కూడ వచ్చినది. అయినా తొట్టిలోని నీరు తొట్టినీరుగానే కనిపిస్తుంది. కెమెరాకు ఎదురుగా ఏదో ఒకటి ఉండి తీరవలె. అదే దానికి బలమూ, అదే దానికి బలహీనతా.

గాజుపలకకు ఆ ఇబ్బంది లేదు. చేప వేలికొసలోనే ఉన్నది. కాని పెట్రోవ్‌కు మరొక ఇబ్బంది ఎదురైనది. ఈ చిత్రాన్ని ఐమాక్స్ అనే మహాతెరకు తీయవలెనని నిర్ణయించినారు. హైదరాబాదువారికి 2003లో ప్రసాద్స్ పెద్ద తెర వెలసిన నాటినుంచి ఈ పేరు పరిచయమే. ఆ ఫిల్ము మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్ముకు సుమారు పదిరెట్ల వైశాల్యం గలది. బొమ్మల చిత్రం ఒకటి ఈ మహాతెరకని తయారగుట అదే మొదటిసారి. చిన్న పలక మీద వేసిన బొమ్మను అంత పెద్ద తెరమీద పరిస్తే ప్రతి గీతా తాడంత లావుగా కనిపిస్తుంది. అందుచేత ఆయన అంతకుముందు వాడిన కొలతకు నాలుగురెట్లు పెద్దవైన పలకల మీద వేయవలసివచ్చినది. పలకలను ఒకదాని మీద ఒకటిగా కొంత ఎడంతో అమర్చి, ఒకదానిమీద మనిషిని, మరొకదానిమీద ఆకాశాన్ని వేసినారు. కెమెరాను కదిలించుటకు కంప్యూటరుతో నడిచే యంత్రాన్ని ప్రత్యేకంగా అమర్చినారు. అప్పటికి నాలుగేళ్ళ క్రితం, 1995లోనే, పూర్తిగా కంప్యూటరుతో చేసిన ‘టాయ్ స్టోరీ’ వచ్చియున్నది. ఇక్కడ కంప్యూటరు కెమెరాను మోసే కూలి మాత్రమే. బొమ్మ మనిషి వేలిదే. ఆ తరతమం మాకు నచ్చినది. 1999 హెమింగ్వే శతజయంతి సంవత్సరం కూడ.

ఇక చిత్రం మాటకు వత్తాము. అది కలతో మొదలవుతుంది. శాంటియాగో కుర్రతనంలో ఓడస్తంభాల మీదినుంచి ఆఫ్రికా తీరాన సింహాలను చూసినాడు, ముసలితనంలో వాటినే కలగంటాడు. పచ్చిరంగుకు గట్టి సరిహద్దు లేదు. ఒక రూపం అంచు మరొక రూపంలోకి జారుట దానికి స్వభావం. కలకు ఇంతకన్నా తగిన ద్రవ్యం ఏమున్నది? యౌవనంలో కాసాబ్లాంకా సారాదుకాణంలో శాంటియాగో ఒక నల్లజాతి మల్లునితో మోచేయి బల్లపై ఆనించి ఒక పగలు, ఒక రాత్రి చేతిపట్టు పట్టిన ఘట్టం కూడ చిత్రంలో ఉన్నది. దీపం వెలుగులో ఆ కండరాలు, ఆ ముఖాలు చూసేటప్పుడు పాత ఐరోపా తైలవర్ణచిత్రాలు గుర్తుకు వత్తవి.

అన్నీ మెచ్చుకొనుటకే లేవు. హెమింగ్వే వాక్యం పొదుపైనది. నీటిమీద తేలే మంచుకొండలో ఎనిమిదవ వంతే పైకి కనిపించినట్లు, చెప్పవలసినదానిలో చాలా భాగం అడుగున దాచవలెనని ఆయన 1932లోనే వ్రాసుకొన్నారు. పెట్రోవ్ రంగు అందుకు విరుద్ధం. బంగారుపొద్దు, నీలపు లోతు, మెరిసే మబ్బులు, అన్నీ పైననే ఉన్నవి. ఒక్కొక్కచోట అందం ఎక్కువై ముసలివాని ఆకలి కనిపించదు. పుస్తకంలో అతడు తనలో తాను, చేపతో, నొప్పి పట్టిన ఎడమచేతితో మాటలాడుకొనే మాటలు ఎంత ముఖ్యమో చదివినవారికి తెలుసు. ఇరవై నిమిషాలలో వాటికి చోటు చాలలేదు. సొరచేపల ఘట్టమైతే పుస్తకంలో ఒక్కొక్క ఆయుధం పోతూ, ఒక్కొక్క కండ పోతూ, చదివేవాని గుండెను నలిపివేస్తుంది. చిత్రంలో అది వేగంగా దాటిపోతుంది. మాకు ఇది లోటుగానే తోచినది.

అయితే పుస్తకం చెప్పలేనిది ఒకటి ఈ పద్ధతి చెప్పినదని మా నమ్మకం. ముసలివాడు మూడు దినాలు పాటుపడి సంపాదించినది దారిలోనే తరిగిపోతుంది. చిత్రకారుడు రెండేళ్ళు వేసిన బొమ్మలు వేస్తూ ఉండగానే తరిగిపోయినవి. చేప కండ పోయి వెన్నుముల్లు మిగిలినట్లు, ఇరవైతొమ్మిది వేల బొమ్మలు పోయి ఒక ఫిల్ముచుట్ట మిగిలినది. ఈ పోలికను పెట్రోవ్ ఉద్దేశించినారని మేము అనము. పుస్తకం చదివి, ఆ చేతివేళ్ళను తలచుకొన్నవారికి ఇది తట్టకుండా పోదు. 2017లో వాన్ గోహ్ జీవితాన్ని గురించి వందమందికి పైగా చిత్రకారులు కలసి సుమారు 65,000 తైలవర్ణచిత్రాలతో ఒక నిండు చిత్రం తీసినారు. అది గొప్ప సమష్టి కృషి. కాని ఒక్క మనిషి చేయి అలసటను తెరమీద చూడవలెనంటే మేము ముసలివానివద్దకే పోతాము.

పెట్రోవ్ తరువాత తన యారోస్లావ్ల్‌కే తిరిగివెళ్ళి, ఇవాన్ ష్మెల్యోవ్ నవల ఆధారంగా 2006లో ‘నా ప్రేమ’ అనే చిత్రం చేసినారు. అదికూడ గాజుపలక మీదనే.

మేము ఈ చిత్రాన్ని మహాతెర మీద చూడలేదు. చిన్న తెరమీదనే చూసినాము. మొదటిసారి చూసిన తరువాత, వృత్తిలక్షణం పోక, కళ్ళు మూసుకొని ధ్వని మాత్రమే విన్నాము. నార్మన్ రోజర్ కూర్చిన సంగీతం, అలల చప్పుడు, ముసలివానిగా కెనడా నటుడు గార్డన్ పిన్సెంట్ గొంతు. వయస్సు మీరిన గొంతు, తొందర ఎరుగని గొంతు. రేడియో నాటకంగా ప్రసారం చేసినా నిలుస్తుందని అనుకొన్నాము. మూడవసారి ధ్వని తగ్గించి చూసినాము. పడవ పక్కన నీటిమీద ఒకచోట, రంగును వేలితో లాగిన జాడ స్పష్టంగా కనిపించినది. మరుక్షణమే అది అలలో కలిసిపోయినది.